కొండ, కోట, కల్లు

మెట్లు సగం ఎక్కాక, రాతిలో తొలిచిన గుహ కనబడేచోట ఏసురాజు ఎప్పుడూ ఆగుతాడు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చెయ్యి చాపి, కింద పరుచుకున్న చెరకు తోటల్నీ, వాటి అవతల శారదా నది ఇసకనీ, ఇంకా అవతల అనకాపల్లి మేడల్నీ చూపిస్తాడు. వచ్చినవాళ్లు అటు తిరిగి ఫొటోలు తీసుకుంటారు. ఆ కాసేపట్లో అతను ఊపిరి తీసుకుంటాడు. ఈ ఏర్పాటు కొన్నేళ్లుగా సాగుతోంది. ఆగింది తమకోసం కాదని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రోజు వచ్చినవాళ్లు విశాఖపట్నంలో ఏదో బ్యాంకు మనుషులు. కొత్తగా ఉద్యోగంలో చేరిన హాసిని అనే అమ్మాయి తప్ప మిగతావాళ్లందరికీ బూట్లు కొత్తవి, కాళ్లు పాతవి. బొజ్జన్నకొండ ఎక్కేసరికి వాళ్ల మేనేజరు గుహ ముందు చతికిలబడి, ఇంక తనని ఇక్కడే పూజించుకోమన్నాడు. అందరూ నవ్వారు. ఏసురాజు కూడా నవ్వాడు. ఎవరు వచ్చినా ఆ చోట దాదాపు అలాంటి మాటే అంటారు, అతను ప్రతిసారీ కొత్తగానే నవ్వుతాడు.

"లోపల కూకున్నది బుద్దుడమ్మా. అదిగో ఆ ఎదర కొండ మీద వరసగా స్తూపాలు ఉన్నాయి గదా, అయ్యన్నీ రాతిలో తొలిసినయ్యే. పూర్వం సన్నేసులు ఉండీవోరు."

"మీరు ఈ ఊరేనా అండీ?" అంది హాసిని.

"ఈ కొండ కిందేనమ్మా."

మనిషి సన్నగా, ఒక పక్కకి కాస్త ఒరిగినట్టుంటాడు. వయసులో ఉన్నప్పుడు బెల్లం మార్కెట్లో కళాసీగా పనిచేశాడు. దిమ్మలు మోసి మోసి కుడి భుజం కిందికి జారిపోయి, మళ్లీ పైకి రాలేదు. నడుం పట్టేశాక పని మానేసి ఇంట్లో కూర్చుంటే, అరుణ్ కుమార్ అనే కుర్రాడు వ్యాను కొనుక్కుని, కొండ మీద జనాన్ని తిప్పే మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటినుంచీ ఇదే పని. వ్యాను వెనక అద్దం మీద ఎర్రక్షరాలతో 'కొండ, కోట, కల్లు' అని రాసి ఉంటుంది. పొద్దున్న కొండ, మధ్యాహ్నం కోట, సాయంత్రం తాటితోపులో కల్లు. మొదటి రెండూ లేకపోయినా జనం వస్తారు, మూడోది లేకపోతే రారు. ఈ సంగతి అరుణ్ కుమార్ దాచుకోడు.

కొండ దిగుతున్నంతసేపూ ఏసురాజు మనసు మెట్ల మీద లేదు. ఇవాళ సాయంత్రం తోపులో కల్లు గీసే సత్తియ్యకి ఒక మాట చెప్పాలి. పొద్దున్న భార్య కృపావతి పళ్లెంలో చద్దన్నం పెడుతూ మరోసారి గుర్తుచేసింది.

"అరుణ్ బాబుకి సెప్పీసేవు గదా. సత్తియ్యకీ ఇయ్యాలే సెప్పీ. రేపు బల్ల. బెన్‌హర్ గారు నీ పేరు సదువుతానన్నారు."

"సెప్తాను."

"సెప్తాను, సెప్తాను అని గుటకలు మింగీకు. మనిషి మొకం సూసి సెప్పు."

చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల పెడతారు. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుతారు. మూడేళ్ల కిందట ఏసురాజుని ఆ బల్ల నుంచి తీసేశారు. దానికి కారణం పేపర్లో పడ్డ ఒక ఫొటో. విలేకరి ఎవరో సరదాగా ఈ వ్యాను గురించి రాస్తూ, తాటిచెట్టు కింద తాటాకు దొన్నె పట్టుకుని నిలబడ్డ ఏసురాజు బొమ్మ వేశాడు. ఆ దొన్నె అతనిది కాదు. బూటు తాడు ముడేసుకుంటూ ఒకాయన కాస్త పట్టుకోమంటే పట్టుకున్నాడు, అంతే. అప్పటి పెద్దలు పేపరు చూసి, వంచిన తల ఎత్తకుండా నిర్ణయం చేసేశారు. అతన్ని అడిగితే చెప్పేవాడే. వాళ్లు అడగలేదు. అడక్కుండా చెప్పుకోవడం అతనికి చేతకాదు.

కృపావతికి మాత్రం బాగా చేతనయింది. మా ఆయన కల్లు ముట్టడని కనబడ్డవాళ్లందరితోనూ దెబ్బలాడింది. అది నిజం కూడాను. పెళ్లికి ముందు ఆమె తండ్రి, ఊళ్లు తిరిగి వాక్యం చెప్పే ముసలాయన, కట్నం మాటా కానుకల మాటా ఎత్తకుండా ఒకే ఒక్కటి అడిగాడు, జీవితంలో కల్లు ముట్టుకోనని మాటివ్వమన్నాడు. ఏసురాజు ఇచ్చాడు. ఆ ముసలాయన పోయి చాలా కాలమైంది, మాట అలాగే ఉంది. తోపుకి వచ్చినవాళ్లు కల్లు ఎలా ఉంటుందని అడిగితే, వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా విన్నదే చెబుతాడు, మజ్జిగలా ఉంటుందని.

ఈ ఏడాది బెన్‌హర్ గారు సంఘ పెద్ద అయ్యాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. తాగావా లేదా అన్న గొడవలోకి నేను వెళ్లను, జనాన్ని కల్లు దగ్గరికి తీసుకెళ్లే పని మానెయ్, బల్లకి రా, అన్నాడు. కృపావతి ఆయాగా చేసే స్కూల్లోనే గంట కొట్టే పని కూడా మాట్లాడిపెట్టాడు. ఇంతకన్న ఎవరైనా ఏం చేస్తారు? ఏసురాజుకి ఆ రోజు కళ్లు చెమర్చాయి. మూడేళ్లుగా బల్ల వేళకి లేచి, చెప్పులు విడిచేచోట బయట నిలబడ్డం అతనికి అలవాటయిందని అందరూ అనుకుంటారు. అలవాటు కాలేదు. లోపల కృపావతి ఒక్కతే రొట్టె తీసుకుంటూంటే అతనికి ప్రతిసారీ ఆకలేసినట్టుండేది.

కోటకి వెళ్లేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. కోట అంటే మరీ ఊహించుకోకూడదు. ఎవరో చిన్నపాటి జమీందారులు కట్టించుకున్నది. ఒక గుమ్మం, సగం కూలిన బురుజు, ముళ్లకంపలు మొలిచిన ప్రహరీ, లోపల చిన్నమ్మలు కట్టేసిన గేదెలు. చిన్నమ్మలు గేటు తీసి, వచ్చినవాళ్లకి కోడికూరా అన్నం వండిపెడుతుంది. బురుజు నీడలో తాటాకు చాపలు పరిచి అందరికీ వడ్డిస్తూంటే ఏసురాజు రాణిగారి కథ చెప్పాడు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు రాణిగారు నగలన్నీ మూటకట్టి, పెరటి నూతిలోకి దిగి, మూడు రాత్రులు నీళ్లలోనే నిలబడిందట.

ఈ కథ పుట్టినచోటు ఏసురాజు నోరే. మొదట్లో ఒకాయన, ఇంత దూరం తీసుకొచ్చావు, ఈ గోడలకి ఒక్క కథైనా లేదా అని విసుక్కుంటే, మొహమాటం కొద్దీ అప్పటికప్పుడు అల్లేశాడు. ఇప్పుడు చిన్నమ్మలు దాన్ని తన మనవలకి చెబుతోంది, పైగా నగల మూట సంగతి అతనికన్న వివరంగా చెబుతుంది. ఈమధ్య నూతిలోకి తొంగిచూసినప్పుడు ఏసురాజుకే కాస్త జాలి కలుగుతోంది.

"పాపం ఆవిడికి జొరం రాలేదా?" అంది హాసిని.

"వచ్చే ఉంటాదమ్మా," అన్నాడు. ఆ సంగతి అతనికి ఇంతవరకూ తోచలేదు.

చిన్నమ్మలు అతనికి కూడా వడ్డించింది. అతను రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టేశాడు. సత్తియ్యతో ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచన. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టారు, ఒకే చెరువులో ఈత నేర్చుకున్నారు. ఆ తోపులో సత్తియ్య ఎప్పుడూ అతనికోసం వేరే కూజాలో మంచినీళ్లు ఉంచేవాడు. ఎవరైనా వేళాకోళానికి ఏసురాజు నోటి దగ్గర దొన్నె పెట్టబోతే, ఆయన్ని వదిలీండి బాబూ అని తనే అడ్డంవచ్చేవాడు. తుఫానుకి ఏసురాజు ఇంటి కప్పు ఎగిరిపోయినప్పుడు, అడక్కుండానే బండెడు తాటాకు తెచ్చి, వానలోనే కప్పు నేసిపెట్టాడు. ఇంకొకడు గైడుగా వస్తే ఈ మూల తోపుకి రాడు, రోడ్డు పక్క దుకాణం దగ్గరే వ్యాను ఆపేస్తాడు. అలాంటి సత్తియ్య దగ్గరికి వెళ్లి, రేపట్నించి నీ దగ్గరికి ఎవర్నీ తీసుకురాను అనాలి. ఏసురాజుకి కూర సహించలేదు.

వ్యాను తోపు దగ్గర ఆగేసరికి పొద్దు వాలింది. దూరంగా ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. దిగగానే ఏసురాజుకి తోపులో ఏదో తేడాగా కనిపించింది. గట్ల పక్కన వరసగా తెల్లరంగు వేసిన రాళ్లు పాతి ఉన్నాయి. పోయిన వారం అవి లేవు.

సత్తియ్య ఎదురొచ్చాడు. పొట్టివాడు, మోచేతులూ ఛాతీ చెట్టుకి రాసుకుని రాసుకుని నల్లగా మొద్దుబారిపోయాయి. అందరికీ చాపలు పరిచి, దొన్నెలు చేతికిచ్చి, కుండలోంచి వంచి పోశాడు. మేనేజరు మొదటి గుక్కకి మొహం చిట్లించి, రెండో గుక్కకి సర్దుకుని, మూడోదానికి పాటెత్తుకున్నాడు. హాసిని కొంచెం రుచి చూసి, ఏసురాజు గారు మజ్జిగ అన్నారు, ఇది మజ్జిగేమీ కాదు అంది. అందరూ ఏసురాజు వంక చూసి నవ్వారు.

వాళ్ల సందడిలో వాళ్లుండగా సత్తియ్య అతన్ని పక్కకి పిలిచాడు.

"బావా, రాళ్లు సూసేవా?"

"సూసేను. ఏటియ్యి?"

"సూరినారాయణ పొలం అమ్మీసేడు. ప్లాట్లు ఏత్తారంట. సోమారం మిషను వత్తాది, సెట్లన్నీ కొట్టీత్తారు."

ఏసురాజు చెట్ల వంక చూశాడు.

"మరి నువ్వో?"

"అచ్చితాపురం ఎల్లిపోతన్నాను, కూతురింటికి. అల్లుడు కంపెనీలో పని సూసేడు. మొక్కలకి నీళ్లు కొట్టడమంట. గొట్టం ఒట్టుకుని నిలబడితే సాలంట, ఎక్కక్కర్నేదు." కాలితో మట్టి గీస్తూ అన్నాడు. "నీ పొట్ట కొట్టీసేను బావా. ముందే సెప్పవలిసింది. నోరు రానేదు."

పొద్దుట్నుంచీ మోస్తున్న మాట ఇక చెప్పక్కర్లేదని ఏసురాజుకి అర్థమయింది. ముందు ప్రాణం తేలికపడింది. వెంటనే, తేలికపడినందుకు సిగ్గేసింది. ఈ మనిషి తనకి అన్యాయం చేశానని బాధపడుతున్నాడు, తను మాత్రం అదే పని చెయ్యడానికి పొద్దుట్నుంచీ మాటలు కూడగట్టుకుంటున్నాడు.

"నువ్వూ ఏటో సెప్పాలన్నావని అరుణ్ బాబు అన్నాడు," అన్నాడు సత్తియ్య.

"ఏటీ నేదు బావా. ఎప్పుడు పెయాణం?"

"ఇయ్యాలే. ఆఖరి బస్సుకి."

సత్తియ్య నడుముకి మోకు బిగించుకుని చివరి చెట్టెక్కాడు. వయసు మీదపడింది, మధ్యలో ఒకసారి ఆగాడు. ఏసురాజు కింద నిలబడి, తనే ఎక్కుతున్నట్టు ఊపిరి బిగబట్టి చూశాడు. సత్తియ్య ఒక చిన్న ముంతతో దిగొచ్చి దాన్ని విడిగా పెట్టాడు. మేనేజరు అది చూసి, తాజాది దాచేస్తున్నావే, అది కూడా ఇటు పట్రా, ఎంతైతే అంత ఇస్తాను అన్నాడు.

"ఇది అమ్మీది కాదు బాబూ," అన్నాడు సత్తియ్య.

ఆ సంగతి ఏసురాజుకి తెలుసు. సత్తియ్య ఇంట్లో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. గీసేవాడు చెట్లని వదిలిపెట్టే రోజున దింపిన ఆఖరి ముంత అమ్మకూడదు. గీసినవాడూ అతని అయినవాడూ కలిసి తాగాలి. అయినవాడంటూ ఎవరూ రాకపోతే, ముంతంతా చెట్టు మొదట్లో పోసెయ్యాలి. ఈ మనిషికి ఎవరూ లేరని చెట్టుకి చెప్పడమన్నమాట. సత్తియ్య తండ్రి పని మానేసిన రోజున తోపు నిండా చుట్టాలే, దొన్నెలు చాలక దోసిళ్లు పట్టారు. కుర్రవాడైన ఏసురాజు అప్పుడు దూరంగా గట్టు మీద కూర్చుని చూశాడు. అప్పటికే మాటిచ్చేశాడు మరి.

చీకటి పడకముందే బ్యాంకు వాళ్లు లేచి, సత్తియ్యకి దండాలు పెట్టి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వ్యాను వైపు నడిచారు. హాసిని ఏసురాజుకి థాంక్సు చెప్పి, రాణిగారి కథ మా అమ్మకి చెబుతానంది. తోపులో ఇద్దరే మిగిలారు.

సత్తియ్య ముంత ఎత్తుకుని రోడ్డు వైపు చూశాడు.

"అల్లుడు వత్తానన్నాడు. డూటీ పడిందంట."

సత్తియ్య ఏసురాజు వంక చూడలేదు, కావాలనే చూడలేదు. అడిగితే ఏసురాజు కాదనేవాడేమో. సత్తియ్య అడిగే మనిషి కాదు. కాసేపు అలాగే నిలబడి, చెట్టు మొదలుకి దగ్గరగా జరిగి, మోకాళ్ల మీద వంగి, ముంత వంచబోయాడు.

"ఆగు బావా," అన్నాడు ఏసురాజు.

చాప మీద పడున్న దొన్నె ఒకటి తీసి, పంచెకి తుడిచి, చాచి పట్టుకున్నాడు. సత్తియ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మాటిచ్చేవు గదా, మీ మావకి."

"ఇచ్చేను."

"మరేటి?"

"నువ్వు సెట్టుకి పోసీబోతన్నావు."

సత్తియ్య లేచాడు. ముంత వంచి పోశాడు. దొన్నె నిండాక తనూ ఒకటి పోసుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తాగారు. కొంచెం తీపి, కొంచెం పులుపు, వెనకాల పచ్చి తాటిమట్ట వాసన. మజ్జిగలా లేదు. ఇన్నేళ్లూ జనానికి తప్పు చెప్పానని ఏసురాజు అనుకున్నాడు. ముంత ఖాళీ అయింది.

సత్తియ్య సంచీ భుజానికి తగిలించుకుని, రోడ్డు మీద బస్సు ఎక్కేముందు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలాడు. బస్సు నిండా డ్యూటీకి వెళ్లేవాళ్లు. సత్తియ్యకి సీటు దొరికిందో లేదో కనబడలేదు.

ఇంటికి వెళ్లేసరికి కృపావతి అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చి, మడత నలక్కుండా మంచం మీద పెట్టింది. నీళ్లచెంబు అందిస్తూ ఆగిపోయింది.

"తాగేవా?"

"తాగేను."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. అతను జరిగిందంతా చెప్పాడు.

"మా ఆయన తాగడు, తాగడు అని మూడేళ్లు ఊరందరితోటీ తగువులాడేను," అంది కృపావతి. "రేపు బల్ల ఎట్టుకుని ఇయ్యాల తాగేవు. మా నాన్నకిచ్చిన మాట కూడా గుర్తు రానేదా?"

"వచ్చింది."

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. అరిచి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. చాలాసేపటికి లేచి మొహం కడుక్కుని అన్నం వడ్డించింది.

"మన ఇంటికి తాటాకు నేసినోడు," అంది, పళ్లెం ముందు పెడుతూ. చెంబులో నీళ్లు పోసి, "బెన్‌హర్ గారికి సెప్పీ. సెప్పకుండా వచ్చి నా పక్కని కూకోకు," అంది.

తెల్లారి ఏసురాజు అందరికన్న ముందే చర్చికి వెళ్లాడు. బెన్‌హర్ గారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పళ్లెంలో చిన్న చిన్న గాజుగ్లాసులు సర్ది, ద్రాక్షరసం పోస్తున్నాడు. అతన్ని చూసి మొహం విప్పారింది.

"రా, ఏసురాజూ. ఇవాళ ముందు వరసలో కూర్చో. నీకు కూడా పోశాను."

"వొద్దండి. నిన్న కల్లు తాగేనండి."

బెన్‌హర్ గారు సీసా పక్కన పెట్టి కళ్లజోడు తీశాడు.

"ఎవరైనా చూశారా?"

"నేదండి."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

"పేపర్లో ఏసినప్పుడు తాగనేదండి. ఆ దొన్నె ఎవలిదో. నిన్నటిది నాదేనండి."

"ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు బెన్‌హర్ గారు.

"ఎవలూ అడగనేదండి."

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "ఇప్పుడు నీ పేరు చదవలేను," అన్నాడు చివరికి.

"తెల్సండి. మీ మాట పోగొట్టేను, ఏటీ అనుకోకండి."

ప్రసంగం అయింది, పాట అయింది. బల్ల వేళకి ఏసురాజు ఎవరూ చెప్పకుండానే లేచి బయటికి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఎప్పటిలాగే బాధేసింది. కానీ ఈసారి ఆ బాధ తనదేనని తెలుసు గనక దాన్ని మోయడం కష్టంగా లేదు. లోపల కృపావతి రొట్టె తీసుకుంది. పళ్లెం తన ముందుకి వచ్చినప్పుడు గ్లాసు ఎత్తి, తాగేముందు ఒక్కసారి కిటికీ వైపు తల తిప్పి, అతను అక్కడున్నాడని చూసుకుంది. పళ్లెం వరసలన్నీ తిరిగి బల్ల మీదికి వచ్చింది. బెన్‌హర్ గారు తెల్లగుడ్డ కప్పబోయి ఆగాడు. ఖాళీ గ్లాసుల మధ్య ఒకటి మాత్రం, ఎవరూ ముట్టుకోకుండా, నిండుగా ఉండిపోయింది.